గోల్డ్‌ఫిష్ తొట్టెలో నీళ్లు ఎంత మార్చాలి?

శ్రోతలకు నమస్కారం. శ్రీకాకుళంలో మా వీధి చివర రిటైరైన లెక్కల మేష్టారు ఒకాయన ఉన్నారు. సంక్రాంతికి వచ్చిన మనవడు మారాం చేస్తే 60 లీటర్ల గాజుతొట్టె, మూడు గోల్డ్‌ఫిష్‌లు కొన్నారు. సెలవులైపోయి మనవడు హైదరాబాదు వెళ్లిపోయాడు. చేపలు తాతగారికి మిగిలాయి.

మేష్టారికి శుభ్రం పిచ్చి. ఆదివారం వచ్చిందంటే చేపల్ని బకెట్‌లో వేసి, తొట్టెలో నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లు పీచుతో తోమి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండి పిండి ఉతికి, మళ్లీ కుళాయి నీళ్లే నిండా పట్టేవారు. సాయంత్రానికి తొట్టె తళతళలాడేది. సోమవారానికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేసేవి. ఆకలేమోనని ఆయన ఇంకో చిటికెడు మేత వేసేవారు. ఒక చేప పోయింది. రెండోది పక్కకి ఒరిగిపోతున్నప్పుడు నాకు కబురు పెట్టారు.

"నీళ్లు తేటగానే ఉన్నాయి కదా బాబూ, మరెందుకు చచ్చిపోతన్నాయి?"

తేటగా ఉన్నమాట నిజమే. కానీ గోల్డ్‌ఫిష్ తన మొప్పల్లోంచి అమ్మోనియాని నీళ్లలోకి వదులుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు. చేపని చంపేంత ఉన్నా నీళ్లు తేటగానే కనబడతాయి. స్పాంజిలో, రాళ్ల మీద పెరిగే బాక్టీరియా ఆ అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోదాన్ని చేప కొంతవరకు ఓర్చుకుంటుంది. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. మేష్టారేమో వారం వారం దాన్ని ఉతికి పారేస్తున్నారు. తోడు కూడా మిగల్చకుండా గిన్నె కడిగేసి, పాలు పెరుగవలేదంటే ఎలా? పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్. అది మొప్పల్ని దెబ్బతీస్తుంది, మిగిలిన బాక్టీరియానీ బతకనివ్వదు.

"మేష్టారూ, నాలుగో వంతే మార్చండి" అన్నాను. లెక్కల మనిషి కదా, వెంటనే పట్టుకున్నారు. 60లో నాలుగో వంతు 15 లీటర్లు, ఒక పెద్ద బకెట్. మూడు చేపలకి ఆ తొట్టె ఇరుకే కాబట్టి వారానికి రెండుసార్లు. సన్నగొట్టం పెట్టి అడుగునున్న మడ్డితో సహా లాగాలి. స్పాంజిని తీసిన ఆ నీళ్లలోనే ఓసారి పిండి పెట్టెయ్యాలి, కుళాయి కింద వద్దు. కొత్త నీళ్లకి షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి, ముందురోజే పట్టి ఉంచుకుంటే తొట్టె నీళ్ల వేడికి సమానంగా వస్తాయి. బోరు నీళ్లకి క్లోరిన్ బాధ లేదుగానీ వాటిలో ఆక్సిజన్ తక్కువ. అవీ రాత్రంతా గాలి తగిలాకే పొయ్యండి.

ఒరిగిపోయిన చేప తేరుకుంది. దసరాకి మనవడు వచ్చేసరికి రెండూ వేలెడు దాటాయి. తీసిన నీళ్లు పెరట్లో వంగమొక్కలకి పోస్తున్నారు. నైట్రేట్ మొక్కకి ఎరువేగా.

తొట్టె ఎంతుంటే చేప అంతే పెరుగుతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చిన్న తొట్టెలో నీళ్లు తొందరగా పాడై, ఆ పాడునీళ్లలో చేప గిడసబారిపోతుంది. మంచి నీళ్లు, తగినంత చోటు ఉంటే మామూలు గోల్డ్‌ఫిష్ జానెడు పెరుగుతుంది. షాపుల్లో ఆ గుండ్రటి గాజుబుడ్డీలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అవి కొనకండి.

మళ్లీ చెబుతున్నాను, నాలుగో వంతు. ఆదివారం ఖాళీ దొరికిందని మొత్తం కాదు, నాలుగో వంతు.

మన జిల్లాకి తుపాన్లు కొత్త కాదు కాబట్టి ఇంకొక్క సంగతి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు గాలి మోటారు ఆగిపోతుంది. మగ్గుతో తొట్టె నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తుండండి. ఒకరు అలిసిపోతే ఇంట్లో ఇంకొకరు అందుకోండి. కరెంటు వచ్చేదాకా మేత మానెయ్యండి. రెండు మూడు రోజులు పస్తున్నా ఆరోగ్యంగా ఉన్న చేపకి ఏమీ కాదు, మేత లేకపోతే వదిలే అమ్మోనియా కూడా తగ్గుతుంది. నమస్కారం.