నోట్లోనే నలిగే మాట: చైనీస్ 'దూనంగ్'

అందరికీ నమస్కారం.

చైనీస్ అనగానే 'మా' ఉదాహరణ చెప్తారు. ఒక స్వరంలో, అంటే గొంతు ఎత్తు తీరులో, పలికితే అమ్మ, ఇంకో స్వరంలో గుర్రం. అది అరిగిపోయిన ఉదాహరణ. ఇవాళ నేను ఒక మాటలో సొంత స్వరం పోగొట్టుకునే అక్షరం గురించి మాట్లాడతాను.

చైనా ప్రామాణిక భాష మాండరిన్‌లో 'దూనంగ్' అని ఒక క్రియ ఉంది. నచ్చని పని చెప్తే, ఎదుటివాళ్ళకి సరిగ్గా వినపడకుండా గొణగడం, సణగడం. 'నీ దూనంగ్ షెన్‌మ?' అంటే 'ఏంటి గొణుగుతున్నావ్?' అని. రోమన్ లిపిలో 'డి' చూసి మనం 'ద' అంటాం గానీ, వాళ్ళ నోట అది మన 'త'కే దగ్గర. అక్కడ త-ద తేడా లేదు, త-థ తేడా ఉంది. ఇంగ్లీషు వాళ్ళకి ఇది పెద్ద టెన్షన్, మనకి చిన్నప్పటి అక్షరమాలే!

'దూ' మొదటి స్వరం. గొంతు పైస్థాయిలో ఒకే తీరుగా నిలుస్తుంది. 'నంగ్' దగ్గరికి వచ్చేసరికి ఆ స్థాయి దిగిపోతుంది, అక్షరం పొట్టిగా, తేలిగ్గా పడుతుంది. దీన్ని తటస్థ స్వరం అంటారు. చాలా మామూలు మాటల్లోనూ అది ఉంటుంది కాబట్టి గొణుగుడు కోసమే పుట్టిందనలేం. కానీ ఈ మాటకి భలే నప్పింది.

రాతలో రెండు అక్షరాలకీ ఎడమవైపు నోటిని సూచించే చిన్న చతురస్రం ఉంటుంది. కుడివైపు భాగం ఉచ్చారణ కోసం. రెండో అక్షరంలో ఆ కుడి భాగానికి విడిగా 'సంచి' అని అర్థం ఉంది. వెంటనే 'నోట్లో సంచి కుక్కినట్టు' అని కథ అల్లాలనిపిస్తుంది. దయచేసి అల్లకండి. అక్కడ సంచి పని శబ్దం ఇవ్వడమే. చైనీస్ అక్షరాల్లో చాలా భాగం ఇలా ఒక పక్క అర్థం, ఒక పక్క ధ్వనితో కట్టినవే.

ఆగకుండా సణిగితే 'దూదూనంగ్‌నంగ్'. మనం 'గుసగుస'లో మాట మొత్తాన్నీ రెట్టిస్తాం, వాళ్ళిక్కడ ఏ అక్షరానికా అక్షరాన్ని రెట్టిస్తారు.

దీనికి దగ్గరి మాటలున్నాయి, కలిపేయకూడదు. 'నాన్‌నాన్' తనలో తాను అనుకోవడం, అందులో విసుగు ఉండక్కర్లేదు. 'నీనాన్' స్వాలో అనే చిన్న పక్షుల కిచకిచలకీ, ప్రేమికుల మాటలకీ వాడతారు. 'దీగు' అంటే ఇద్దరు చెవులు కొరుక్కోవడం. పెదవి కదపకుండా మనసులో అనుమానపడినా 'దీగు' అనే అంటారు.