అవిసె గింజల పొడి రివ్యూ: క్రిములను చంపుతుందన్న మాట ఎంతవరకు నిజం?

నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ అవిసె గింజల పొడిని కంపెనీ వారే నాకు ఉచితంగా పంపించారు. ధర, బరువు వంటి వివరాల జోలికి పోకుండా నేరుగా విషయానికి వస్తాను.

ప్యాకెట్ మీద 'శరీరంలోని క్రిములను నశింపజేస్తుంది' అని పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. అది చదివి నాకు చాలా కోపం వచ్చింది. అవిసె గింజల నుంచి తీసిన సారం ప్రయోగశాలలో, పుండ్లకు చీము పట్టించే స్టెఫిలోకాకస్ ఆరియస్ వంటి కొన్ని బాక్టీరియాల పెరుగుదలను అడ్డుకున్న మాట నిజమే అయినా, గాజు పళ్లెంలో చుక్కలుగా వేసే ఆ చిక్కటి సారానికీ, మనం అన్నంలో కలుపుకునే చెంచాడు పొడికీ పొంతన లేదు. చీము పట్టిన పుండుతో బాధపడుతున్న మనిషి ఈ అట్ట చదివి డాక్టరు రాసిన మందు మానేస్తే ఎవరు జవాబు చెబుతారు?

నిజానికి ఈ గింజకు అబద్ధపు గొప్పలు అవసరమే లేదు. 100 గ్రాముల గింజల్లో సుమారు 27 గ్రాముల పీచు, 22 గ్రాములకు పైగా ఒమేగా-3 కొవ్వు ఉంటాయి. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయిన రోగుల మీద కెనడాలో జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలల పాటు రోజుకు 30 గ్రాముల అవిసె పొడి తిన్నవారిలో రక్తపోటు పై అంకె (సిస్టాలిక్) తిననివారి కంటే సుమారు 10 పాయింట్లు తక్కువగా నమోదైంది.

ఇంతకుముందు నేను వేయించిన గింజల డబ్బాలు కొనేవాడిని. సరిగ్గా నమలకపోతే గట్టి పొట్టు వల్ల అవి అరగకుండానే బయటికి పోతాయి కనుక పొడి చేసుకోవడమే మేలు. అయితే పొడి చేయగానే అందులోని నూనెకు గాలి తగులుతుంది. ఈ కంపెనీ వారు పల్చటి పారదర్శక కవరులో, మళ్లీ మూసే వీలు లేకుండా పొడిని నింపారు. విప్పిన కొద్ది రోజులకే పాత నూనె వాసన వచ్చింది, నాలుక చివర చేదు తగిలింది.

అందువల్ల దీన్ని కొనమని నేను చెప్పను. కిరాణా దుకాణంలో గింజలే కొని, చిటపటలాడే దాకా దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు చేర్చి వారానికి సరిపడా మాత్రమే దంచి పెట్టుకుంటే, మన జొన్న రొట్టెకు అంతకు మించిన పొడి ఉండదు. పీచు ఎక్కువ కనుక నీళ్లు బాగా తాగండి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవారు మాత్రం ముందుగా డాక్టరును అడగండి.