గ్రౌట్ ఊడిందా? టైల్‌ని తిట్టకండి, దాని కింద ఏముందో చూడండి!

నమస్తే అండీ. ముందు ఇది చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. ఇది గ్రౌట్ ముక్క, అంటే టైళ్ల మధ్య సందుల్లో నింపే దాని ముక్క, బియ్యపు గింజంత ఉంటుంది. నాలుగేళ్ల కింద మా పాప సాక్స్‌కి అంటుకుని బాత్రూమ్‌లోంచి హాల్లోకి వచ్చింది. టైల్ వేయించి అప్పటికి ఐదు నెలలు. ఆ రోజు నేను కూడా మీలాగే టైల్‌నే తిట్టాను, ఈ వినైల్‌కి, అంటే ప్లాస్టిక్ టైల్‌కి, గ్రౌట్ పెట్టడమే పిచ్చి పని అనుకున్నాను. అది తప్పని అర్థం కావడానికి మొత్తం పీకి మళ్లీ వేయాల్సి వచ్చింది, అందుకే ఈ ముక్కని ఇంకా దాచుకున్నాను.

పోయిన వారం వీడియోలో మా కింది అంతస్తు బాత్రూమ్ ఫ్లోర్ చూపించా కదా, గ్రౌట్ పెట్టిన వినైల్ టైల్ అని. ఇక కామెంట్లు మొదలయ్యాయి. "ప్లాస్టిక్ మీద సిమెంటు నిలుస్తుందా అన్నా?" "ఆరు నెలల్లో ఊడుతుంది, మాకు ఊడింది." "సిరామిక్ వేసుకోక ఈ బొమ్మ టైల్ ఎందుకు?" అన్నీ చదివాను. ఊడింది అని రాసినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నాకూ ఊడింది కదా. నా గొడవ ఒక్కటే. ఊడింది అని రాసిన అంతమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా టైల్ కింద ఏముందో రాయలేదు! ఏ కంపెనీ, ఎంత రేటు, ఏ రంగు గ్రౌట్, అన్నీ రాశారు. కింద నేల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

కాబట్టి ఇవాళ ఒకటే మాట, మళ్లీ మళ్లీ చెప్తా. గ్రౌట్ ఊడేది పైన కాదు, కింద. సబ్‌ఫ్లోర్, అంటే టైల్ కింద ఉండే అసలు నేల, చెడిపోతే గ్రౌట్ చెడిపోతుంది, అంతే.

మనవాళ్లకి ఇది ఎందుకు తట్టదో నాకొక థియరీ ఉంది, ఒప్పుకోకపోతే కింద పోట్లాడండి. మనం పెరిగిందంతా ఇసుక సిమెంటు బెడ్ మీద. ఖమ్మంలో మా ఇల్లు కట్టేటప్పుడు చూశా, మేస్త్రీ కింద నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా లెక్క చేసేవాడు కాదు. రెండంగుళాల మాలు పరిచి, దాని మీద టైల్ పెట్టి, సుత్తి పిడితో టకటకా కొట్టి, రసమట్టం పెట్టి చూసేవాడు. గుంట ఉంటే ఇంకాస్త మాలు. మా నాన్న సాయంత్రం వచ్చి రూపాయి బిళ్లతో ఒక్కో టైల్ మీద కొట్టి, డొల్ల సౌండ్ వస్తే సుద్దతో గీత పెట్టేవారు, పొద్దున మేస్త్రీ దాన్ని పీకి మళ్లీ వేసేవాడు. అక్కడ తప్పులన్నీ ఆ మాలు మింగేస్తుంది. అందుకే మన బుర్రలో ఫ్లోరింగ్ అంటే పైన కనిపించే టైలే. ఈ వినైల్ టైల్ మందం ఎంత? కాస్త మంచిది కొన్నా 4 మిల్లీమీటర్లు. దాని కింద జిగురు కాగితం అంత. తప్పుని మింగడానికి అక్కడ ఏమీ లేదు. కింద చిన్న మేకు తల లేచి ఉన్నా నెల తిరిగేసరికి పైన బొడిపెలా కనబడుతుంది.

ఇప్పుడు మా బాత్రూమ్‌లో ఏం జరిగిందో చెప్తా. వేసినతను పాత ఫ్లోర్ పీకాడు, ఊడ్చాడు, జిగురు రాశాడు, టైల్ పెట్టాడు, ఒక్క రోజులో పని అయిపోయింది, మేము కూడా సంతోషపడ్డాం. గ్రౌట్ ఊడాక ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చ్‌ని నేలకి ఆనించి అడ్డంగా వేశా. అబ్బా, అప్పుడు కనిపించింది! సింక్ ముందు ఒక మిట్ట, దాని పక్కనే పొడుగ్గా నీడ. ఆరడుగుల అల్యూమినియం బద్ద తెచ్చి పెడితే ఆ మిట్ట మీద పార్కులో పిల్లల సీ-సా బల్లలా ఊగుతోంది. ఇలాంటి టైల్‌కి సాధారణంగా చెప్పే లెక్క 10 అడుగుల్లో 3/16 అంగుళం, అంటే 5 మిల్లీమీటర్లు కూడా తేడా ఉండకూడదు. మాకు ఆరడుగుల్లోనే అంతకంటే ఎక్కువ ఉంది. మనం కాలు వేసిన ప్రతిసారీ ఆ పల్లం మీద టైల్ అంచు ఒక వెంట్రుకంత కిందికి దిగి పైకి లేస్తోంది. రెండు టైళ్ల మధ్య గ్రౌట్ రెండు అంచుల్నీ పట్టుకుని ఉంటుంది, ఒక అంచు దిగి ఇంకో అంచు దిగకపోతే మధ్యలో ఉన్నది తెగక ఏం చేస్తుంది? మీ ఇంట్లో ఊడిన చోట బొటనవేలితో నొక్కి చూడండి, కదలిక తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట. మన దగ్గర స్లాబ్ అంటే నెత్తి మీద ఉండేది. ఇక్కడ డాలస్‌లో స్లాబ్ అంటే కాళ్ల కింద ఉండేది, మట్టి మీద నేరుగా పోసిన కాంక్రీట్. ఆ మట్టి మామూలు మట్టి కాదు, మన నల్లరేగడిలా నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని బీటలు వారుతుంది. కొత్తగా వచ్చినప్పుడు నాకు వింతగా ఉండేది, వేసవిలో జనం మొక్కలకి పెట్టినట్టు ఇంటి పునాది చుట్టూ పైపు వేసి నీళ్లు పెడుతుంటే. నేల కదిలే ఊళ్లో ఉంటూ, నేల చూడకుండా టైల్ వేస్తామా? మా అపార్ట్‌మెంట్ రోజుల్లో అది ఓనర్ టెన్షన్, ఇప్పుడు ఓనర్ మనమే.

సరే, మళ్లీ వేసినప్పుడు ఏం చేశాం? రెండు వారాంతాలు నేల మీదే పోయాయి, టైల్ వేయడానికి ఒక్క పూట. ముందు పాత జిగురంతా గీకాం. తర్వాత స్లాబ్ మీద అక్కడక్కడ నీటి చుక్కలు వేశా. చుక్క ఇంకిపోతే మంచిది, తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే అక్కడ పెయింటో సీలరో ఏదో ఉన్నట్టు, దాని మీద జిగురు పట్టదు. మా దాంట్లో సగం నేల మీద చుక్క నిలబడింది. అంటే మొదటిసారి వేసిన జిగురు స్లాబ్‌ని కాదు, ఆ పొరని పట్టుకుంది. ఆ పొరనీ, ఆ మిట్టనీ గ్రైండర్‌తో తీయించాం. వాక్యూమ్ తగిలించిన గ్రైండర్, ముక్కుకి సరైన రెస్పిరేటర్, ఈ రెండూ లేకుండా కాంక్రీట్ జోలికి వెళ్లకండి, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులు పోతాయి. మిట్టలు తీశాక గుంటలకి ప్రైమర్, అంటే పట్టు కోసం ముందు వేసే పూత, కొట్టి సెల్ఫ్ లెవెలర్ పోశాం, అది దానంతటదే సమంగా పరుచుకునే సిమెంటు మిశ్రమం. ప్రైమర్ మానేస్తే ఆ లెవెలర్ అప్పడంలా లేచి వస్తుంది. నీళ్లు బస్తా మీద రాసినంతే, జారుగా ఉంటే బాగా పరుచుకుంటుందని ఒక లోటా ఎక్కువ పోస్తే గట్టిదనం పోతుంది.

ఇంకొకటి, ఇది చూస్తే మీకు మతిపోతుంది. మా ఫ్రెండ్ ఒకతను లేఅవుట్ కోసం సబ్‌ఫ్లోర్ మీద నల్ల పర్మనెంట్ మార్కర్‌తో బాణం గుర్తులు, కొలతలు రాసుకున్నాడు. టైల్ కింద కప్పబడిపోయేదే కదా అని. కొన్ని నెలల తర్వాత ఆ బాణం టైల్ మీదకి వచ్చేసింది, లేత పసుపు ఊదా మచ్చలా, అంకె కూడా చదవొచ్చు! వినైల్‌ని మెత్తగా ఉంచే పదార్థం ఆ ఇంకుని పైకి లాగేస్తుంది. ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అది పైన లేదు, టైల్ లోపల ఉంది. పెన్సిల్ వాడండి. రబ్బరు అడుగున్న డోర్ మ్యాట్ కూడా ఇలాగే మచ్చ పెడుతుంది.

చెక్క ఫ్లోర్ ఉన్నవాళ్లకి కథ వేరు. న్యూజెర్సీలో మా బావ 1960ల నాటి ఇల్లు కొన్నాడు. వీడియో కాల్ చేసి, "బావా, కింద చిన్న చిన్న చదరాలు వచ్చాయి, సుత్తితో కొట్టేస్తున్నా" అన్నాడు. చూస్తే 9 అంగుళాల టైళ్లు, కింద నల్లటి జిగురు. "సుత్తి కింద పెట్టు, ఆ గది తలుపు వెయ్యి" అని అరిచాను. అప్పటి 9 అంగుళాల టైళ్లలో, ఆ నల్ల జిగురులో ఆస్బెస్టాస్, అంటే దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమైన నార, ఉండే అవకాశం చాలా ఎక్కువ. పగలగొట్టడం, సాండింగ్ చేయడం అస్సలు వద్దు, ముందు ల్యాబ్‌లో టెస్ట్. ఉన్నట్టు తేలింది, లైసెన్స్ ఉన్నవాళ్లొచ్చి తీసుకెళ్లారు. ఖర్చయింది, కానీ ఆ ఇంట్లో పాకే పిల్లాడు ఉన్నాడు.

తర్వాత బావ ఇంట్లో చెక్క నేల కిర్రుమనే చోటల్లా స్క్రూలు బిగించి, పైన పావు అంగుళం అండర్‌లేమెంట్ ప్లైవుడ్, అంటే టైల్ కింద పరిచే నున్నటి ప్లైవుడ్, వేయించాం. టైల్స్ కింద వేస్తారు కదా అని బావ సిమెంటు బోర్డు వేయబోయాడు. అది సిరామిక్‌కి, దీనికి కాదు. ప్లైవుడ్‌లో కూడా దొరికిందల్లా కాదు, అండర్‌లేమెంట్ గ్రేడ్ అని ముద్ర ఉన్నదే, లోపల ఖాళీలుంటే కుర్చీ కాలు దిగబడుతుంది. అంచుల్లో రెండంగుళాలకొక స్టేపుల్, మధ్యలో నాలుగంగుళాలకొకటి. పైషీట్ జాయింటు కింది షీట్ జాయింటు మీద పడకూడదు, ఇటుకల వరసలో ఎలా తప్పిస్తామో అలా. జాయింట్లు సిమెంటు ప్యాచ్‌తో నింపి, ఆరాక అరచేత్తో రాసి చూడాలి. కంటికి కనపడని గీత చేతికి తెలుస్తుంది.

టైల్ వేయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డబ్బాలు రెండు రోజుల ముందే ఆ గదిలో పెట్టండి, గది వేడి 65 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండేలా చూడండి. జిగురు సన్నపళ్ల ట్రోవెల్‌తో రాయండి. మా జిగురైతే వేలు పెడితే అంటుకున్నట్టుండి వేలికి రాకూడదు, అప్పుడే టైల్ పెట్టాలి. తడిగా ఉండగానే పెడితే టైళ్లు జారి గ్యాపులు చెదురుతాయి. మధ్యలో 1/8 అంగుళం స్పేసర్లు. అయ్యాక 100 పౌండ్ల రోలర్ అద్దెకి తెచ్చి రెండు వైపులా దొర్లించండి. చేత్తో నొక్కితే సరిపోదా అని అడక్కండి, సరిపోదు.

గ్రౌట్ మాత్రం మామూలు సిమెంటు గ్రౌట్ వద్దు, దానికి సాగే గుణం లేదు. వినైల్ కోసం అని రాసి ఉన్న రెడీమేడ్ యాక్రిలిక్‌దో యూరితేన్‌దో తీసుకోండి. త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి రెండు మూడు చదరపు అడుగులు పెట్టడం, తడి స్పాంజితో తుడవడం, మళ్లీ ముందుకి. టబ్ అంచున, గోడ దగ్గర గ్రౌట్ కాదు, సిలికాన్. ఇక నేలకి జిగురు పెట్టకుండా ఒకదానికొకటి క్లిక్ చేసి బిగించే ఫ్లోటింగ్ ప్లాంకుల గాడుల్లో గ్రౌట్ పెట్టినవాళ్లు కూడా కామెంట్లలో ఉన్నారు! అది కదలడానికే చేసిన ఫ్లోర్ అండీ, అక్కడ ఏ గ్రౌటూ నిలవదు.

మా కింద బాత్రూమ్ మళ్లీ వేసి మూడేళ్లు దాటింది. అదే రకం టైల్, అదే రకం గ్రౌట్. మారింది కింద నేల ఒక్కటే. ఇదిగో చూడండి, ఒక్క గీత లేదు.

ఇప్పుడు గెస్ట్ బాత్రూమ్‌కి రండి. నిన్న సాయంత్రం స్లాబ్ మీద ఒకటిన్నర అడుగుల ప్లాస్టిక్ షీట్ పరిచి నాలుగు వైపులా టేపు వేశా. మీ ముందే తీస్తున్నా. చూశారా, షీట్ లోపలి వైపు సన్నటి చెమట, కింద కాంక్రీట్ చదరంగా నల్లబడింది. స్లాబ్‌లోంచి తడి వస్తోంది. ఎంత వస్తోందో ఈ షీట్ చెప్పదు, దానికి కాల్షియం క్లోరైడ్ కిట్ కావాలి, అది తడి పీల్చుకునే ఉప్పు, దాని బరువు ఎంత పెరిగిందో చూసి తడి లెక్కకడతాం, రెండు మూడు రోజులు పడుతుంది. 1000 చదరపు అడుగులకి 24 గంటల్లో 3 పౌండ్ల తడి దాటితే కొన్ని జిగుర్లు తట్టుకోవు, మన డబ్బా మీద ఎంత రాసి ఉందో అదే లెక్క. లోపల తడి కొలిచే మీటర్ పెట్టడానికి స్లాబ్‌కి రంధ్రం వేద్దామంటే మాది పోస్ట్ టెన్షన్ స్లాబ్, లోపల బిగించిన ఉక్కు కేబుల్స్ ఉంటాయి, ఎక్కడున్నాయో తెలీకుండా డ్రిల్ పెట్టేది లేదు. టైల్ డబ్బాలు పన్నెండు అక్కడ కారిడార్‌లో ఉన్నాయి, మా ఆవిడ రోజూ వాటి పక్కనుంచి తప్పుకుని వెళ్తోంది. అయినా ఈ శనివారం టైల్ వేయడం లేదు. కిట్ ఆర్డర్ పెట్టాను.