ముగ్గురే ఉన్నారా? టైల్స్ జోలికి మాత్రం వెళ్లకండి!

నమస్తే అండి. ఈ వీడియో కొంచెం కోపంగానే చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

అమెరికన్ మాజాంగ్‌కి, అదే టైల్స్ అనే బిళ్లలతో ఆడే ఆటకి, నలుగురు కావాలి. నలుగురూ వస్తామనే అంటారు. తీరా టేబుల్ సర్దేశాక ఒకరికి పిల్లల సాకర్ మ్యాచ్ అడ్డొస్తుంది. ముగ్గురు మిగులుతారు. అప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ముగ్గురమే కదక్కా, ఒక సూట్ తీసేసి ఆడేద్దాం. జపాన్‌లో అలాగే ఆడతారట." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

బామ్, క్రాక్, డాట్ అనేవి మూడు సూట్లు, ఒక్కోదాంట్లో 1 నుంచి 9 దాకా అంకెలు. ఇంతకుమించి ఓనమాలు చెప్పను. మీకు తెలుసు. గెలిచే చేతులన్నీ అచ్చేసి ఉండే ఈ ఏడాది కార్డు కూడా మీ హ్యాండ్‌బ్యాగులోనే ఉండి ఉంటుంది. సరాసరి గొడవలోకి వెళ్లిపోదాం.

మన పదమూడు ముక్కల రమ్మీ తీసుకోండి. పెళ్లివారింట్లో దుప్పటి పరిచి నలుగురు కూర్చున్నారు. మధ్యలో ఒకాయన్ని వంటవాళ్లు పిలిచారు, లేచి వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురూ ఏం చేస్తారు? పేకలోంచి ఆఠీన్లన్నీ ఏరి పక్కన పడేస్తారా? ఎక్కడైనా చూశారా అలాగ? పేక పేకలాగే ఉంటుంది. కలిపి, ముగ్గురికి పంచుకుని, ఆడుకుంటూ పోతారు. ఈ రమ్మీని కాస్త గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా దీన్నే పట్టుకుని వేలాడబోతున్నాను.

జపాన్ సంగతి అబద్ధమేం కాదు. అక్కడ ముగ్గురాడే ఆటని సన్మా అంటారు. వాళ్ల సెట్లో 136 టైల్స్. అందులోంచి క్రాకుల్లో 2 నుంచి 8 దాకా తీసేస్తారు. ఏడు అంకెలు, ఒక్కోటి నాలుగు, అంటే 28. మిగిలేవి 108. చక్కగా నడుస్తుంది. ఎందుకు నడుస్తుందంటే, వాళ్ల ఆటలో చెయ్యి కట్టడానికి ఒక సూత్రం ఉంది: దాదాపు ఎప్పుడూ నాలుగు గుంపులు, ఒక జత. ఏ టైల్స్‌తో కట్టావన్నది నీ ఇష్టం. కొన్ని టైల్స్ తగ్గినా సూత్రానికి వచ్చిన లోటేం లేదు.

మన ఆటలో సూత్రం లేదు, కార్డు ఉంది. మళ్లీ రమ్మీకి రండి. ఎవరో ఏటేటా ఓ కాగితం అచ్చేసి, "ఈ సంవత్సరం షో చెప్పాలంటే ఇదిగో ఈ లైన్లలో ఏదో ఒకటి ఉండాలి, వేరే ఏది కట్టినా చెల్లదు" అన్నారనుకోండి. 1937లో న్యూయార్క్‌లో మొదలైన నేషనల్ మాజాంగ్ లీగ్ చేసే పని అదే. ఆ కాగితం మీద ప్రతి లైనూ పూర్తి సెట్‌ని మనసులో పెట్టుకుని రాసిందే. 108 అంకెల టైల్స్, 16 విండ్స్, 12 డ్రాగన్స్, 8 ఫ్లవర్స్, 8 జోకర్లు, మొత్తం 152.

(కెమెరా టేబుల్ మీదకి)

ఇక్కడ చూడండి. కార్డు మీద ఎనీ లైక్ నంబర్స్ అన్న సెక్షన్ ఉంది కదా, అక్కడ ఎక్కువ లైన్లలో ఒకే అంకె మూడు సూట్లలోనూ కావాలి. ఇదిగో 7 బామ్‌లు, ఇవి 7 డాట్లు. క్రాకులు తీసి డబ్బాలో పెట్టేశాం. ఇప్పుడీ ఖాళీలో ఏం పెడతారు? జోకర్లా? మూడో నాలుగో ఉండే గుంపులో అయితే పెట్టొచ్చు. జత అయితే జోకర్ పనికిరాదు, నిజమైన టైలే కావాలి. అంటే ఆ లైన్ చచ్చిపోయింది. అది ఒక్కటే కాదు, కార్డు మీద మూడు రంగుల్లో, అంటే మూడు సూట్లతో, అచ్చయిన లైన్లన్నిటికీ గండమే. రెండు సూట్ల లైన్లు బతికినా, ఏ సూట్లు తీసుకోవాలో ఎంచుకునే వీలుండదు. ఆఠీన్లు తీసేసిన పేకతో, ఆఠీన్లు కావాలన్న కాగితం చూసుకుంటూ రమ్మీ ఆడటం అన్నమాట. అంతకంటే ఆ పూట కాఫీ తాగి కబుర్లు చెప్పుకోవడం నయం.

టైల్స్ తగ్గించకూడదు, గోడలు కూడా తగ్గించకూడదు. గోడంటే ఎత్తుకోవడానికి బోర్లా పేర్చిన టైల్స్ వరుస. నాలుగో మనిషి లేకపోయినా నాలుగో గోడ ఉండాల్సిందే. పందొమ్మిది పొడవు, రెండు ఎత్తు, నాలుగు వైపులా. ఖాళీ సీటు ముందున్న గోడ ఎవరు కడతారు, ఎవరు ముందుకి తోస్తారు అన్నది ముందే తేల్చుకోండి. లేకపోతే సరిగ్గా ఆట పాకాన పడ్డాక "నువ్వు తొయ్యి, నువ్వు తొయ్యి" అని ఆగిపోతుంది.

మరి ముగ్గురైతే దెబ్బతినేది ఏంటి? చార్ల్స్‌టన్. అదొక్కటే.

రమ్మీలో చార్ల్స్‌టన్ ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. ముక్కలు పంచారు. ఎవరూ ఇంకా ఒక్క ముక్క ఎత్తలేదు. అప్పుడే ప్రతివాళ్లూ తమకి అక్కర్లేని మూడు ముక్కలు కుడిపక్కవాళ్లకి, తర్వాత మూడు ఎదుటివాళ్లకి, తర్వాత మూడు ఎడమపక్కవాళ్లకి. అందరూ ఒప్పుకుంటే ఇదంతా ఇంకోసారి, ఈసారి ఎడమ నుంచి. మన బాబాయిలు ఆడే చోట ఇలాంటి రూల్ పెట్టి ఉంటే మొదటి రౌండ్‌కే రెండు కుటుంబాలకి మాటలు ఉండేవి కావు.

ముగ్గురున్నప్పుడు ఒకరికి ఎదురుగా ఖాళీ కుర్చీ. "సరే, ఎదుటివాళ్లకి ఇచ్చేది వదిలేసి కుడి, ఎడమ చేద్దాం" అంటారు కొందరు. చేసి చూడండి, నవ్వొస్తుంది. ఎడమపక్కావిడ నాకు మూడు ఇచ్చింది, అన్నీ నాకు అక్కర్లేనివే. వెంటనే నేను ఎడమకి ఇవ్వాలి. ఏం ఇస్తాను? ఆవిడ మూడూ ఆవిడకే. ఆ చెత్త ముగ్గురి మధ్యే గిరగిరా తిరుగుతుంది తప్ప ఎవరి చెయ్యీ బాగుపడదు.

అందుకే ముగ్గురైతే చార్ల్స్‌టన్ మానేయడమే ఎక్కువమంది పాటించే పద్ధతి. నా ఓటూ దానికే. "అయ్యో, చార్ల్స్‌టన్ లేకపోతే ఆటేముంది, చెయ్యి ఎలా కుదురుతుంది" అని దిగులు పడేవాళ్ల కోసం ఇప్పుడు చిన్న లెక్క. ఈ లెక్కంటే నాకు మహా ఇష్టం, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

నలుగురైతే మొదట పంచేది 53. ఈస్ట్‌కి, అంటే ఆట మొదలుపెట్టే సీటుకి, 14, మిగతావాళ్లకి పదమూడేసి. గోడలో మిగిలేవి 99. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఇంచుమించు 25 సార్లు ఎత్తే అవకాశం. ముగ్గురైతే పంచేది 40, మిగిలేవి 112. ఒక్కొక్కరికి 37 సార్లు. అంటే మీకు పన్నెండు టైల్స్ అదనంగా చేతికొస్తాయి. చార్ల్స్‌టన్‌లో పోయింది ఇక్కడ చాలావరకు తిరిగొచ్చింది.

అసలు తమాషా ఇంకోటి ఉంది. మీరు పిలిచి తీసుకోగలిగేవి అవతలివాళ్లు పడేసేవే కదా. గోడ ఆఖరి దాకా ఆడారనుకుందాం. నలుగురి ఆటలో మిగతా ముగ్గురూ కలిపి ఎత్తేవి సుమారు 74. ముగ్గురి ఆటలో మిగతా ఇద్దరూ కలిపి ఎత్తేవి సుమారు 75. ఎత్తినకొద్దీ పడేస్తూ ఉండాల్సిందే కాబట్టి, మీ కళ్ల ముందు పడే టైల్స్ రెండు ఆటల్లోనూ ఇంచుమించు అన్నే! మనిషి తగ్గాడు, పడేవి తగ్గలేదు, మీరు ఎత్తేవి పెరిగాయి. కార్డు మీద కుడివైపు సి అక్షరం ఉండే చేతులు ఉంటాయి చూడండి, ఆఖరి టైల్ తప్ప ఏదీ పిలిచి తీసుకోకూడనివి, నలుగురిలో మనం భయపడి వదిలేసేవి. ముగ్గురున్నప్పుడు వాటికి ధైర్యం చేయొచ్చు. ఎత్తేవి ఎక్కువ కదా.

ఒక్క చిక్కు, ఆలోచించుకునే టైమ్ ఉండదు. ఇలా పడేశామో లేదో అలా మన వంతు వచ్చేస్తుంది. కార్డు వైపు తలొంచుకుని కూర్చునేవాళ్లకి టెన్షనే.

ఇంత చెప్పినా చార్ల్స్‌టన్ కావాల్సిందే అంటారా? అయితే ఘోస్ట్ హ్యాండ్ పెట్టండి. రాని మనిషి సీటు ముందు పదమూడు టైల్స్ బోర్లా పెట్టండి. ఆ సీటుకి రాని మనిషి పేరే పెడితే ఇంకా మంచిది, తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

(కెమెరా మళ్లీ టేబుల్ మీదకి)

నేను ఈస్ట్ అనుకోండి. నా కుడిపక్క సౌత్, ఎదురుగా వెస్ట్, ఎడమపక్క ఖాళీ. కుడివైపు ఇచ్చేటప్పుడు నేను సౌత్‌కి, సౌత్ వెస్ట్‌కి. వెస్ట్ తన మూడూ ఖాళీ సీటు దగ్గర పెడుతుంది. అవి అక్కడ కలవకముందే ఆ పదమూడులోంచి ఏవో మూడు, చూడకుండా, నాకు. ఎదుటివాళ్లకి ఇచ్చేటప్పుడు నేనూ వెస్ట్ మార్చుకుంటాం, సౌత్ ఖాళీ సీటుతో మార్చుకుంటుంది. ఎడమ కూడా ఇదే తంతు, తిరగేసి.

ఇక్కడే కొట్లాట మొదలవుతుంది. చార్ల్స్‌టన్‌లో జోకర్ ఇవ్వకూడదు, అది అందరికీ తెలుసు. కానీ ఘోస్ట్‌కి ఆ సంగతి తెలీదు! బోర్లా ఉన్న పదమూడులోంచి చూడకుండా తీస్తే అందులో జోకర్ ఉండొచ్చు. అప్పుడేం చేయాలి? వెనక్కి పెట్టి ఇంకోటి తీసుకోవడం ఒక పద్ధతి, అదృష్టం అనుకుని ఉంచుకోవడం ఇంకో పద్ధతి. నేనైతే వెనక్కి పెట్టించేస్తాను. ఏ పద్ధతైనా సరే, టైల్స్ పంచకముందే తేల్చుకోండి. జోకర్ చేతికొచ్చాక న్యాయం మాట్లాడే మనిషిని నేనింతవరకు చూడలేదు.

చార్ల్స్‌టన్ అయ్యాక ఘోస్ట్ పదమూడునీ ఏం చేయాలి? చాలామంది అలాగే పక్కన వదిలేస్తారు. నాకది నచ్చదు. లోపల ఏం ఇరుక్కుపోయాయో తెలీదు, మీరు ఎదురుచూస్తున్న ఆఖరి 3 బామ్ కూడా అక్కడే ఉండొచ్చు. వాటిని గోడ చివర చేర్చేయండి. 99కి 13 కలిపితే మళ్లీ 112. రమ్మీలో లేచి వెళ్లిపోయినాయన ముక్కల్ని మళ్లీ పేక అడుగున పెట్టేస్తాం చూడండి, అదే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

డబ్బులు. కార్డు మీద 25 అని ఉన్న చెయ్యి కట్టారనుకోండి, ఒకరు పడేసిన టైల్‌తో. పడేసినవాళ్లు 50 సెంట్లు, ఇంకొకరు 25, మీకొచ్చేది 75. నలుగురైతే వంద వచ్చేది. మీరే ఎత్తుకుని గెలిస్తే ఇద్దరూ యాభయ్యేసి, వంద. నలుగురైతే నూట యాభై. కొందరు దీన్ని సరిచేయడానికి రేట్లు పెంచుతారు, అనవసరం. ఇచ్చే చోటా ముగ్గురే, పుచ్చుకునే చోటా ముగ్గురే.

ఎవరైనా తప్పు టైల్స్ బయట పరిచి (ఎక్స్‌పోజ్ చేసి) చెయ్యి డెడ్ అయితే, అంటే ఇక గెలిచే వీల్లేకపోతే, మిగతా ఇద్దరూ ఆట కొనసాగించొచ్చు. డెడ్ అయినావిడ గెలిచినవాళ్లకి డబ్బులు ఇవ్వాల్సిందే, తప్పించుకోవడానికి లేదు.

బయట పరిచిన గుంపులోని జోకర్‌ని అసలు టైల్ ఇచ్చి మార్చుకోవడం మామూలే, మీ వంతులోనే చేయాలి. వంతు త్వరగా వస్తుంది కాబట్టి ఎదుటివాళ్ల ఎక్స్‌పోజర్‌లో జోకర్ ఎక్కువసేపు నిలవదు. ఈస్ట్ కుడిపక్కకి తిరుగుతూ పోతుంది, ఖాళీ సీటుని దాటేయండి.

ఇక ఆ ముగ్గురిలోనూ ఇంకొకరికి ఫోనొచ్చి వెళ్లిపోతే, ఇద్దరే మిగిలితే, దానికీ ఉపాయం ఉంది. సయామీస్ అంటారు. ఒక్కొక్కరూ టైల్స్ నిలబెట్టుకునే ర్యాకులు రెండేసి పెట్టుకుని, ఒకేసారి రెండేసి చేతులు కట్టడం. చార్ల్స్‌టన్ ఉండదు. అందులోనూ టైల్స్ 152 ఉండాల్సిందే. దాని గురించి వచ్చే వీడియోలో.