పెన్సిల్‌కి ఇటుక కట్టి రాశాను: తెలివి పెంచే దారుల రివ్యూ

నమస్తే అండీ. ముందు ఇది చూడండి. మామూలు ఇటుక. మా సందులో ఇల్లు కడుతుంటే మేస్త్రీని అడిగి తెచ్చాను. పురికొసతో దీనికి పెన్సిల్ కట్టాను. ఇప్పుడు 'వనస్థలిపురం' అని రాస్తున్నా... అదిగో, 'స్థ' దగ్గరే చెయ్యి ఆగిపోయింది! ఒత్తు పెట్టాలంటే ఇటుక మొత్తం లేపి కిందికి జరపాలి. ఒక్క మాటకి నిమిషం పైనే పట్టింది.

ఈ ఐడియా నాది కాదు. కంప్యూటర్ మౌస్ కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1962లో రాసిన రిపోర్టులోది. పనిముట్టు బరువైతే రాత ఒక్కటే కాదు, ఆలోచన కూడా మారుతుందంటాడు. నిజమే కదా, ఇటుకతో రాయాలంటే చిత్తుప్రతి ఎవరు రాసుకుంటారు? మరి పనిముట్టు తేలికైతే?

మొన్న అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చిన ఒక కుర్రాడు అడిగాడు: "అన్నా, మెషీన్ మనల్ని మించిపోతుందా, లేక మనమే మెదడులో చిప్ పెట్టించుకుని దాన్ని మించుతామా?" ఆ ప్రశ్న కోసమే ఈ వీడియో.

మెదడును ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఒక దారి. 302 న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఉన్న చిన్న పురుగు నరాల మ్యాప్ 1986లోనే వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ పురుగును కంప్యూటర్‌లో పూర్తిగా బతికించలేకపోయారు. 2024లో పండు ఈగ మెదడు మ్యాప్ వచ్చింది, దాదాపు 1,39,000 న్యూరాన్లు. మనకేమో 8,600 కోట్లు. అయినా రోడ్ల మ్యాప్ ఉంది కదా అని సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్‌లో ట్రాఫిక్ ఏమవుతుందో తెలుస్తుందా? పదికి రెండు.

చిప్ సంగతి. 2024 జనవరిలో న్యూరాలింక్ అనే కంపెనీ మొదటిసారి మనిషి మెదడులో పెట్టింది. చేతులు కదపలేని మనిషి ఆలోచనతోనే కర్సర్ కదిపి చెస్ ఆడాడు. ఆయనకి పదికి పది. ఫోన్ మీద వేలు కదపగలిగే నాకు మాత్రం పుర్రె తెరిపించుకునేంత అవసరం కనిపించట్లేదు.

మెషీన్ దారి మాత్రం పరుగు మీదుంది. 2016లో గో అనే బోర్డు ఆటలో ఆల్ఫాగో అనే ఏఐ ప్రోగ్రాం, కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్‌ని 4-1తో ఓడించింది. రెండో గేమ్‌లో అది వేసిన 37వ ఎత్తు చూసి కామెంటేటర్లు పొరపాటేమో అనుకున్నారు. తీరా ఆ గేమ్ దానిదే.

సరే, నా అనుభవం. ఈ స్క్రిప్ట్ మొదట ఏఐతోనే రాయించాను. నిమిషంలో వచ్చేసింది, బాగానే ఉంది. కెమెరా ముందు కూర్చుంటే ఒక్క లైను గుర్తు లేదు! టెన్షన్ పడి కాగితం మీద మళ్లీ నేనే రాసుకున్నాను. తర్వాత తప్పులు వెతకమని దానికే ఇచ్చాను. 1962ని 1963 అని రాశానట, పట్టుకుంది. ఇలా వాడితే పదికి తొమ్మిది.

ఇక్కడొక పేచీ ఉంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో అష్టావధానం చూశారా? ఒకరు నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు, మధ్యలో ఎవరో గంట కొడితే ఎన్నిసార్లు కొట్టారో లెక్క పెట్టుకోవాలి. పక్కన అప్రస్తుత ప్రసంగి నవ్విస్తూ చెడగొడుతుంటాడు. చివర్లో అవధాని పద్యాలన్నీ వరసగా ఒప్పజెప్తారు. చిప్ లేదు, పెన్సిల్ కూడా లేదు. మరి ఎంగెల్‌బార్ట్ లెక్క తప్పా?

చాలా రోజులు అదే అనుకున్నాను. కానీ గణాలు, యతి, ప్రాస లేకుండా ఆ మాటలన్నీ వచనంలో గుర్తుపెట్టుకోమనండి, చాలా కష్టం. ఫలానా చోట ఫలానా అక్షరమే రావాలి కాబట్టే మరిచిపోయిన మాట కూడా దొరుకుతుంది. అవధాని పెన్సిల్ ఛందస్సే. కాకపోతే ఏళ్ల తరబడి సాధనతో లోపలికి వెళ్లిపోయింది. నా స్క్రిప్ట్ రాసిచ్చిన ఏఐ నా లోపలికి అంగుళం కూడా రాలేదు.

ఆ కుర్రాడికి ఇదే చెప్పాను. "అయితే కోర్సులో చేరాలా వద్దా అన్నా?" అన్నాడు. చేరు, కానీ మొదటి నెల ప్రోగ్రాములు నువ్వే రాయి, తర్వాత ఏఐకి చూపించు అన్నాను. మొహం అదోలా పెట్టాడు.

ఉంటానండీ. ఇటుక తిరిగిచ్చెయ్యాలి, మేస్త్రీ రెండుసార్లు కేకేశాడు.