‘ఊపిరాడక మృతి’లో కర్త ఎక్కడ?

అందరికీ నమస్కారం. పత్రిక డెస్క్‌లో కొత్తగా చేరుతున్న మీతో ఏదైనా ఒక మాట గురించి మాట్లాడమన్నారు. నేను ‘ఊపిరాడక’ను తీసుకున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా సబ్ఎడిటర్‌గా ఈ మాటను ఎన్ని హెడింగుల్లో పెట్టానో నాకే లెక్క లేదు.

ముందు ఆ మాటను విడదీసి చూద్దాం. ‘నాకు ఊపిరాడటం లేదు’ అంటాం. ఆడేది ఊపిరి, నేను కాదు. ఆడటమంటే మనకు కదలిక, ప్రాణం. గదిలో గాలాడాలి, నాడి ఆడాలి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాలి. కంగారు పుడితే కాలూ చేయీ ఆడవు. రెక్కాడితేగానీ డొక్కాడదు. బతుకంతా ఈ చిన్న క్రియ మీదే నడుస్తున్నట్టుంటుంది.

గాలి అందకపోవడానికి మన దగ్గర మాటలకు కరువు లేదు, అయితే ఏదీ ఇంకోదాని చోట కూర్చోదు. నీళ్ళు తాగుతుంటే అడ్డం పడితే పొలమారింది అంటాం. మా నాయనమ్మ వెంటనే నడినెత్తిన తట్టి, ‘ఎవరో తలుచుకుంటున్నార్రా’ అనేది. పసిపిల్ల ఏడుస్తూ ఏడుస్తూ గొంతు పైకి రాక ఒక్క క్షణం నీలంగా అయిపోతే అది గుక్కపట్టడం. ఆ క్షణం తల్లికి ఎంత పొడుగ్గా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. గాలి చొరకుండా గడ్డిలో కప్పిన మామిడికాయ మగ్గుతుంది, అదే మాట జైల్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న మనిషికీ వాడతాం. తెలంగాణలో ఆయాసాన్ని దమ్ము అంటారు. బిర్యానీ గిన్నె మూత చుట్టూ పిండి మెత్తి ఆవిరిని బయటికి పోనివ్వకుండా ఉంచేదీ దమ్మే.

ఉక్కిరిబిక్కిరి మాత్రం జాగ్రత్తగా వాడండి. పొగకు ఉక్కిరిబిక్కిరి అవుతాం, విలేకరుల ప్రశ్నలకు అవుతాం, అభిమానానికీ అవుతాం. అందులోంచి మనిషి తేరుకుంటాడు. చావు వార్తకు ఆ మాట తేలిక. ఇక శ్వాసావరోధం పోస్టుమార్టం రిపోర్టులో ఉండనివ్వండి, పాఠకుడి ఇంటికి పంపొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ‘ఊపిరాడు’ అకర్మక క్రియ, అంటే ఒకరి మీద ఇంకొకరు చేసే పని కాదు. ఒకరు ఇంకొకరికి గాలి అందకుండా చేశారని ఒక్క క్రియలో చెప్పాలంటే తెలుగులో కుదరదు, ‘ఊపిరాడకుండా చేశారు’ అని సాగదీయాలి. సింగిల్ కాలమ్ హెడింగ్‌లో అంత చోటుండదు. అందుకని ‘సెప్టిక్ ట్యాంకులో ఊపిరాడక ఇద్దరి మృతి’ అని పెట్టేస్తాం. నేనూ పెట్టాను. వాక్యంలో తప్పు లేదు. కానీ అందులో ఊపిరి దానంతటదే ఆగిపోయింది. వాళ్ళను లోపలికి దించిన మనిషి కనిపించడు.

గొంతు నులమడానికి కర్త ఉన్నాడు. పొగ పెట్టడానికి ఉన్నాడు. ఊపిరి తీయడానికీ ఉన్నాడు. ఊపిరాడకపోవడానికి మాత్రం లేడు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీలోంచి స్టైరీన్ అనే రసాయనపు విష ఆవిరి ఇళ్ళ మీదికి కమ్ముకుని 12 మంది చనిపోయినప్పుడు కూడా ‘గ్యాస్ లీకై’ అనే రాశాం. లీకవడమూ అంతే, దానంతటదే జరిగే పని.

ట్యాంకులో ఏం జరుగుతుందో తెలిస్తే ఆ హెడింగ్ పెట్టడానికి చెయ్యి రాదు. మురుగు కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు బాగా పెరిగాక ముక్కు ఆ వాసనను పట్టలేదు, ప్రమాదం తగ్గిందని లోపలి మనిషి అనుకుంటాడు. అక్కడి నుంచి రెండు మూడు గుక్కల్లోనే కూలిపోవచ్చు. పైనున్న తమ్ముడో, బావమరిదో ‘అన్నా’ అని కేకేసి, బదులు రాకపోతే తానూ దిగుతాడు. మీ దగ్గరికొచ్చే ఈ రకం వార్తల్లో అందుకే ఒకే ఇంటి పేరు రెండుసార్లు కనిపిస్తుంటుంది. పూర్వం పూడిక బావిలోకి దిగేముందు లాంతరు వదిలి చూసేవాళ్ళు. ఆరిపోతే దిగేవాళ్ళు కాదు. సెప్టిక్ ట్యాంకులో ఆ పని చేయకూడదు, మీథేన్ ఉంటే అంటుకుంటుంది.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటిసారి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మురుగు కాలువల్లో పోయిన ప్రాణానికి పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది. అంటే చట్టం కర్తను వెతుకుతోంది. మన హెడింగే వదిలేస్తోంది.

ఒకసారి ఇలాంటి వార్తకే రాత్రి పదకొండు దాటాక కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ళోంచి వార్తలు పంపే విలేకరి, ఫోన్ చేశాడు. ‘సార్, వాళ్ళను పిలిపించిన ఇంటాయన ముందు తాడు కూడా ఇవ్వలేదంట, అది రాయనా?’ అని అడిగాడు. పేజీ అప్పటికే వెళ్ళిపోవాలి. చోటు లేదన్నాను. ఆ తాడు వార్తలోకి రాలేదు. ఇన్నేళ్ళయినా అది నన్ను వదల్లేదు.

మీ ముందున్న కాగితం మీద ఆరు వాక్యాల వార్త ఉంది. ఎవరు పిలిచారు, ఎంత కూలి మాట్లాడారు, ఏమిచ్చి దించారు, అన్నీ అందులో ఉన్నాయి. రెండు కాలమ్‌ల హెడింగ్ రాయండి. ‘ఊపిరాడక’ వాడుకోవచ్చు, కానీ దించినవాడు కూడా అందులో ఉండాలి. పది నిమిషాలు.