ముహూర్తం చీరకు పెట్టె కావాలా, కర్ర చాలా?

నమస్కారం. ఈ రోజు చూపించబోయే పెళ్లిచీర పెట్టెను దాని తయారీదారులు నాకు ఉచితంగా పంపించారు. డబ్బు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. కొలతలు, ధర, రంగులు మీరు అమ్మకపు పేజీలో చూసే ఉంటారు కనుక వాటిని మళ్లీ చదివి వినిపించను. దసరా ముందు నుంచి సంక్రాంతి వరకు, అంటే మా నెల్లూరులో గోడలు చెమ్మ కక్కే కాలమంతా, నా ముహూర్తం చీర ఇందులోనే ఉంది.

పెట్టె గురించి కాక, దాని లోపల వచ్చిన కర్ర గురించి ముందు మాట్లాడతాను. మూడంగుళాల మందం, ఇరవై ఆరు అంగుళాల పొడవున్న గొట్టానికి దూది చుట్టి, పైన గంజి లేని తెల్లని నూలుబట్ట కుట్టారు. చీరను మడతపెట్టకుండా దీనికి చుట్టాలి. ఇది చూడగానే నాకు మగ్గం గుర్తుకొచ్చింది. నేత నేసేటప్పుడు చీర కర్రకు చుట్టుకుంటూనే పెరుగుతుంది. మడతలు పెట్టడం మనం నేర్పిన అలవాటే.

మడతతో వచ్చే చిక్కు ఏమిటో చెబుతాను. అసలైన జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నని వెండి తీగను చుట్టి, దానిపై బంగారు పూత పూసినది. పెద్ద అంచు చీరను ఏళ్ల తరబడి ఒకే మడత మీద, పైన మరో పది చీరల బరువుతో ఉంచితే, ఆ గీత దగ్గర తీగ విరుగుతుంది, తరువాత లోపలి పట్టుదారం తెగుతుంది. మా అమ్మ పెళ్లిచీర పమిట సరిగ్గా నాలుగు మడతల దగ్గరే చిరిగింది. అంచు మాత్రం ఇప్పటికీ మెరుస్తోంది. కర్రకు చుట్టినప్పుడు పదునైన మడత ఉండదు. చీర వెడల్పు కర్ర పొడవు కన్నా ఎక్కువ కాబట్టి నిలువునా ఒక్కసారి మడవక తప్పదు, కానీ ఆ గీత అంచు మీద కాక చీర నడుమ పడుతుంది. ఒక పొర పట్టు, ఒక పొర పాత పంచె చొప్పున చుట్టుకుంటూ వెళితే జరీ పట్టుకు రాసుకోదు. బజారులో చేసే రోలింగు ఇదేనా అని కొందరు అడుగుతారు. కాదు, అక్కడ చీరను సాపు చేసి, చివరికి మడతపెట్టే చేతికిస్తారు.

ఇక పెట్టె విషయానికి వస్తే, నాకు ఓపిక తక్కువవుతుంది. మూతకు పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ పెట్టారు. పెళ్లిచీర రోజూ చూసుకోవలసిన వస్తువు కాదు. వెలుతురు పట్టు రంగును లాగేస్తుందని తెలిసీ కిటికీ పెట్టడం ఫొటోల కోసమే అనిపిస్తోంది. లోపల చెమ్మ పీల్చే పూసల పొట్లాలు మూడు ఇచ్చారు. పెట్టె గోడలు బట్టవి కావడంతో గాలి హాయిగా తిరుగుతోంది, కాబట్టి ఆ పూసలు చీర చెమ్మను కాదు, గది మొత్తం చెమ్మను తాగి, పదిహేను రోజుల్లోనే నారింజ రంగు వదిలి ఆకుపచ్చగా మారాయి. గాలి ఆడాలనుకుంటే పూసలు వద్దు, పూసలు కావాలనుకుంటే గాలి చొరకూడదు. వీరు రెండూ ఇచ్చి రెండింటినీ చెడగొట్టారు. కలరా ఉండలు కూడా ఒక సంచిలో పెట్టారు. వాటిని వాడదలచినవారు జరీకి తగలనీయకండి, చంటిపిల్లల బట్టలున్న బీరువాలో మాత్రం అసలు పెట్టకండి.

అయినా ఈ పెట్టె నా పాత జిప్పు కవరు కన్నా వెయ్యి రెట్లు నయమని ఒప్పుకోవాలి. 2021 నవంబరులో పెన్న పొంగిన రోజుల్లో నీళ్లు మా వీధి దాకా రాలేదు, కానీ చెమ్మ మాత్రం గోడ బీరువాలోకి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో చిక్కుకున్న తడి బయటికి పోయే దారి లేక, గులాబీ రంగు చీర మీద బూడిద రంగు బూజు చుక్కలు లేచాయి. ఆ తరువాత ప్లాస్టిక్ కవరును చీరల దగ్గరికి రానివ్వలేదు.

పెట్టెతో వచ్చిన కాగితంలో ఒక ముఖ్యమైన సంగతి లేదు. మన పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు నెత్తి నుంచి జారిన బెల్లపు నీరు భుజం మీద పడి ఆరిపోతుంది. ఆ రోజు కంటికి కనిపించదు, ఏడాది తిరిగేసరికి గోధుమ రంగు మచ్చగా బయటపడుతుంది. చెమట, సెంటు సంగతీ అంతే. కాబట్టి ఏ పెట్టె కొన్నా, ముందు చీరను డ్రైక్లీనింగుకు ఇచ్చి, బెల్లం పడిన చోటును వేలుపెట్టి చూపించండి. మధుపర్కాలు నూలువైతే గంజి పూర్తిగా పోయేలా ఉతికించాలి. గంజి కోసం వెండిచేపలనే పురుగులు వచ్చి బట్టనే కొరికేస్తాయి.

నా తీర్పు ఇది: ఈ కర్రను విడిగా అమ్మితే ఈ రోజే మరో రెండు కొంటాను, మా అమ్మ చీరలకు. పెట్టెతో కలిపి అయితే కొనను. ఒక జాగ్రత్త చెప్పాలి: ఇనప బీరువాలో లాకరు ఉన్న అరలో ఈ కర్ర పట్టదు, కింది అర కొలుచుకోండి. నా చీర ఇప్పుడు పాత పంచెలో చుట్టుకుని ఆ కింది అరలోనే ఉంది. కిటికీ ఉన్న పెట్టెలో సంక్రాంతి కొలువు తీసేసిన బొమ్మలు సర్దాను. ఏ బొమ్మ ఎక్కడుందో మూత తీయకుండానే కనిపిస్తోంది.